బీపీ బిళ్ళ వేసుకుంటున్న పైలట్ విమానం నడపవచ్చు

అధిక రక్తపోటుకు మందు వాడుతున్న పైలట్ విమానం నడపవచ్చు. అమెరికాలో నడపవచ్చు, ఐరోపాలో నడపవచ్చు, భారతదేశంలోనూ నడపవచ్చు. రక్తపోటు అదుపులో లేనప్పుడు మాత్రం ఎక్కడా నడపకూడదు. నిబంధనల్లో ఇంత స్పష్టంగా ఉన్న ఈ తేడా చాలామంది పైలట్లకు నమ్మకం కలిగించలేదు. ఆ అపనమ్మకంతో వాళ్ళు వైద్యానికి దూరంగా ఉండిపోయి, తమ ఆరోగ్యాన్నే కాక, ఏ ఉద్యోగాన్ని కాపాడుకుందామని దూరంగా ఉన్నారో ఆ ఉద్యోగాన్ని కూడా ప్రమాదంలోకి నెట్టుకుంటున్నారని నా గట్టి అభిప్రాయం.

నేను అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ వైద్యుణ్ణి. విమానం నడపడానికి ఆరోగ్యం సరిపోతుందని పైలట్లకు ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్‌ను, వాళ్ళ మాటల్లో 'మెడికల్'ను, ఇచ్చే అధికారం నాకు లేదు. వాళ్ళు నా దగ్గరకు మిగతా రోగుల్లాగే వస్తారు, కాకపోతే మిగతావాళ్ళకంటే ఆలస్యంగా వస్తారు. వచ్చినవాళ్ళు తరచుగా అడిగేది, ఈ రీడింగును కంప్యూటర్లోకి ఎక్కించకుండా ఉండగలరా అని. కొందరు బీమా కార్డు చూపించకుండా చేతి డబ్బు కట్టి పరీక్ష చేయించుకుంటామంటారు. ఇంటికి బీపీ మిషను కొనుక్కుని, అంకెలు పెరుగుతున్నకొద్దీ దాన్ని బీరువాలో పెట్టేసిన మనిషిని కూడా చూశాను. మా అన్నయ్య కొడుకు మన దేశంలోనే ఒక విమాన సంస్థలో కోపైలట్. "బాబాయ్, బిళ్ళ మొదలుపెడితే రికార్డుకెక్కుతుంది. ఉప్పు తగ్గించి ఇంకో ఆరు నెలలు చూస్తాను" అని ఒకసారి ఫోన్లో అన్నాడు. పక్కనే ఉన్న మా వదిన, "ఇంత చిన్న వయసులో బీపీ బిళ్ళలేమిటయ్యా, ఒకసారి మొదలుపెడితే ఇక జన్మంతా మింగాల్సిందేగా" అని అందుకుంది. వాడి భయం వృత్తిలోంచి వచ్చినది, ఆవిడ భయం మన ఇళ్ళన్నిటిలోనూ ఉన్నది. రెండు భయాలూ ఒకే ఇంట్లో కలిసినప్పుడు చికిత్స మొదలుకావడం ఎంత కష్టమో అప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికాకు చెందిన 3,765 మంది పైలట్లను ప్రశ్నించగా, వారిలో 56 శాతం మంది మెడికల్ పోతుందేమోనన్న భయంతో ఏదో ఒక సందర్భంలో వైద్యానికి దూరంగా ఉన్నామనో, తెలిసిన వైద్యుణ్ణి చాటుగా అడిగామనో, వివరాలు దాచామనో ఒప్పుకున్నారు. సగానికి పైగా మనుషులు ఒకే విధంగా ప్రవర్తిస్తున్నప్పుడు దాన్ని కొందరి బలహీనతగా చూడటం సరికాదు. వాళ్ళ చుట్టూ ఉన్న పరిస్థితిలోనే దానికి కారణం వెతకాలి.

ఆ పరిస్థితి ఇది. అమెరికాలో పైలట్ మెడికల్ కోసం అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్‌కు, అంటే ఎఫ్ఏఏకు, దరఖాస్తు పెట్టుకున్నప్పుడు తాను వాడుతున్న మందులన్నీ, జీవితంలో ఎప్పుడైనా వచ్చిన జబ్బులన్నీ, గత మూడేళ్ళలో కలిసిన వైద్యుల వివరాలన్నీ రాయాలి. రక్తపోటు గురించి అందులో విడిగా ప్రశ్న ఉంటుంది. తెలిసి అబద్ధం రాస్తే మెడికల్‌తోపాటు లైసెన్సులు కూడా రద్దు కావచ్చు. నేరం రుజువైతే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. మాజీ సైనికులైన దాదాపు 5,000 మంది పైలట్లు ప్రభుత్వం నుంచి వైకల్య భత్యం తీసుకుంటూ ఆ జబ్బుల సంగతి ఎఫ్ఏఏకు చెప్పలేదన్న అనుమానంపై విచారణ సాగుతోందని 2023లో వార్త వచ్చినప్పుడు, నా దగ్గరకు వచ్చే పైలట్లు వారాల తరబడి దాని గురించే మాట్లాడారు. అబద్ధం రాస్తే జైలు, నిజం రాస్తే ఉద్యోగం పోవచ్చు అని నమ్మిన మనిషికి మిగిలే దారి ఒక్కటే: రాయవలసిన విషయమేదీ తెలియకుండా చూసుకోవడం. డాక్టరు దగ్గరకు వెళ్ళకపోతే రోగనిర్ధారణ ఉండదు, రోగనిర్ధారణ లేకపోతే దాచవలసినదీ ఉండదు. ఈ తర్కంలో ఎక్కడా లోపం లేదు, దాని మొదటి మెట్టు తప్ప. రక్తపోటు విషయంలో నిజం రాస్తే ఉద్యోగం పోతుందన్నది వాస్తవం కాదు.

నిబంధనలు ఏమంటున్నాయో చూద్దాం. అమెరికా విమానయాన చట్టం 15 జబ్బులను పేరుపెట్టి చెప్పి, అవి ఉన్నవారికి మామూలు పద్ధతిలో మెడికల్ ఇవ్వకూడదంటుంది. గుండెపోటు, ఛాతీనొప్పి తెచ్చే గుండె జబ్బు, మూర్ఛ, మందులు అవసరమైన మధుమేహం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అధిక రక్తపోటు లేదు. పరీక్ష రోజున రక్తపోటు 155/95కు మించకుండా ఉంటే చాలు, మందు వేసుకుని ఉన్నా ఫరవాలేదు. 2013లో ఎఫ్ఏఏ ఇంకో అడుగు ముందుకేసింది. కొన్ని జబ్బుల విషయంలో కాగితాలు ప్రధాన కార్యాలయానికి పంపి నెలల తరబడి ఎదురుచూడనక్కరలేకుండా, పరీక్షించే వైద్యుడే అక్కడికక్కడ సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేసి, అందులో అధిక రక్తపోటును చేర్చింది. పైలట్ ఒకటి కాదు, మూడు రకాల మందుల దాకా వాడుతున్నా, కనీసం ఏడు రోజులుగా అదే మోతాదు మీద నిలకడగా ఉండి, మందువల్ల ఇబ్బందేమీ లేకపోతే, ఆ రోజే సర్టిఫికెట్ చేతికి అందుతుంది. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, మెటోప్రొలాల్, హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి, మన ఊళ్ళలో ప్రతి మందుల దుకాణంలోనూ దొరికే బిళ్ళలు చెందిన తరగతులన్నీ అనుమతించినవే.

అనుమతించనివి కొన్ని ఉన్నాయి: మెదడు మీద పనిచేసి రక్తపోటును తగ్గించే క్లోనిడిన్, మిథైల్‌డోపా, రిసర్పిన్ వంటివి. వీటివల్ల మత్తు, మాంద్యం కలుగుతాయి; క్లోనిడిన్ ఉన్నట్టుండి మానేస్తే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇక్కడ తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. రిసర్పిన్ మన సర్పగంధ వేరులోంచి వచ్చినదే. రుస్తుం జాల్ వకీల్ అనే బొంబాయి వైద్యుడు 1949లో రక్తపోటు మీద సర్పగంధ ప్రభావాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో వివరించిన తరువాతే ప్రపంచ వైద్యం దానివైపు చూసింది. అది మన వైద్య చరిత్రలో గర్వించదగిన ఘట్టమే. కానీ "ఇంగ్లీషు మందు వద్దు, రికార్డుకెక్కుతుంది, ఈ మూలిక వాడు" అని ఎవరైనా పెద్దాయన పైలట్ చేతిలో సర్పగంధ మాత్రలు పెడితే, వాడవచ్చునన్న మందును తప్పించి, వాడకూడదన్న మందును చాటుగా ఇచ్చినట్టవుతుంది. మూలిక కాబట్టి మత్తు రాదనుకోవద్దు.

అమెరికా ఒక్కటే ఇలా ఆలోచిస్తోందని అనుకోనక్కరలేదు. ఐరోపాలో 160/95 అన్న హద్దు ఉంది. మందుతోనైనా, మందు లేకుండానైనా అంతకు లోపల ఉండాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సూత్రం కూడా ఇదే: విమానం నడపడానికి అడ్డురాని మందులతో రక్తపోటును అదుపు చేసుకోవచ్చు. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలు కూడా ఆ అంతర్జాతీయ ప్రమాణాల మీదనే నిలబడి ఉన్నాయి.

ఇంతకంటే లోతైన అపార్థం ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అసలు నష్టం దానివల్లే జరుగుతోంది. పైలట్లు మెడికల్ పాసవ్వడాన్ని ఆరోగ్యంగా ఉండటంగా తీసుకుంటారు. 155/95 అన్నది చికిత్సకు లక్ష్యం కాదు. అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు 2017 నుంచి 130/80 దగ్గరే అధిక రక్తపోటు మొదలైందంటున్నాయి. కాస్త ఉదారంగా చూసే వైద్యులు కూడా 140/90 దాటితే ఊరుకోరు. అంటే 150/92 ఉన్న పైలట్ ఏటేటా మెడికల్ పాసవుతూ, ఏ వైద్యుడూ తనను ఆపలేదు కాబట్టి తనకేమీ లేదనుకుంటూ పదిహేనేళ్ళు గడిపేయవచ్చు. ఆ పదిహేనేళ్ళూ అతని గుండె గోడ మందమవుతూ, మూత్రపిండాల్లో సన్నని రక్తనాళాలు గట్టిపడుతూ ఉంటాయి. నలభై నుంచి డెబ్బై ఏళ్ళ మధ్య వయసువారిలో పై అంకె 20, కింది అంకె 10 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతోనూ గుండె జబ్బుతోనూ చనిపోయే అవకాశం రెండింతలవుతుందని పది లక్షల మంది వివరాలను కలిపి చూసిన పెద్ద పరిశీలనలో తేలింది.

మెడికల్ ఈ నష్టాన్ని ఎందుకు పట్టించుకోదు? దాని పని వేరు. విమానయాన వైద్యంలో 'ఒక శాతం నియమం' అని ఒకటుంది. రాబోయే సంవత్సరంలో పైలట్ ఉన్నట్టుండి కుప్పకూలే అవకాశం ఒక శాతానికి మించకపోతే, ఇద్దరు పైలట్లుండే విమానాన్ని అతను నడపవచ్చునన్నది దాని సారం. సంవత్సరంలో 8,760 గంటలున్నాయి, లెక్కకు పదివేలనుకుందాం. ఏడాదికి ఒక శాతం అంటే గంటకు పది లక్షల్లో ఒక వంతు. టేకాఫ్, ల్యాండింగ్ వంటి కీలకమైన సమయం ప్రయాణంలో సుమారు పదో వంతు. ఆ సమయంలో ఒకరు పడిపోయినా రెండో పైలట్ నూటికి తొంభై తొమ్మిదిసార్లు విమానాన్ని దించగలడు. ఇవన్నీ గుణిస్తే వంద కోట్ల గంటలకు ఒక ప్రమాదం అన్న అంకె వస్తుంది, ప్రయాణికుల విమానాల నుంచి సమాజం కోరుకునే భద్రత కూడా అంతే. ఎంతో ఆలోచించి కట్టిన లెక్క ఇది, నాకు దాని మీద గౌరవం ఉంది. అయితే అది ఆరు నెలలకో సంవత్సరానికో వేసిన అంచనా. పైలట్ అరవై ఏళ్ళ వయసులో డయాలిసిస్ మీద ఉంటాడా, మనవరాలి పేరు గుర్తుంటుందా అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు, ఉండనక్కరలేదు. ఆ ప్రశ్న అడగవలసినది మామూలు వైద్యుడు. పైలట్ తప్పించుకు తిరుగుతున్నది సరిగ్గా ఆ వైద్యుణ్ణే.

చికిత్స చేయని రక్తపోటు చివరకు ఎక్కడికి చేరుతుంది? గుండెపోటుకు, పక్షవాతానికి. గుండెపోటు ఆ 15 జబ్బుల జాబితాలో ఉంది. దాని తరువాత కూడా ప్రత్యేక అనుమతితో మళ్ళీ విమానం నడిపేవారున్నారు, కానీ అందుకు నెలల నిరీక్షణ, ట్రెడ్‌మిల్ పరీక్షలు, ఏటా కట్టలకొద్దీ కాగితాలు కావాలి. మందు మొదలుపెట్టాక విమానం నడపకుండా ఉండవలసిన ఏడు రోజుల విరామానికి భయపడినవాళ్ళు ఈ దారిలోకి వచ్చి పడుతున్నారు.

దాచడం ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పే సంఘటన ఒకటి విమానయాన చరిత్రలో ఉంది. 1966 ఏప్రిల్ 22న అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ పట్టణం దగ్గర అమెరికన్ ఫ్లయర్స్ సంస్థ విమానం దిగబోతూ కొండల్లో కూలి, విమానంలో ఉన్న 98 మందిలో 83 మంది మరణించారు. ప్రయాణికులు శిక్షణ ముగించుకుని కొత్త చోటికి వెళుతున్న యువ సైనికులు. విమానం నడుపుతున్న రీడ్ పిగ్‌మన్ ఆ సంస్థ అధిపతి కూడా. ఆయన చివరి క్షణాల్లో గుండె జబ్బువల్ల అచేతనుడయ్యాడని దర్యాప్తు తేల్చింది. ఆయనకు ఏళ్ళుగా గుండె జబ్బు, మధుమేహం ఉన్నాయనీ, మెడికల్ దరఖాస్తుల్లో వాటిని దాచాడనీ బయటపడింది. ఆ రోజుల్లో గుండె జబ్బు ఉందని రాస్తే పైలట్ జీవితం ముగిసినట్టే. ఆయన చేసిన పనిని నేను ఏ విధంగానూ సమర్థించను. కానీ నిజం చెప్పడానికి దారి లేకుండా చేసిన వ్యవస్థ కూడా ఆ ప్రమాదంలో భాగమే.

1972 జూన్ 18న లండన్ హీత్రూ నుంచి బయలుదేరిన బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ విమానం స్టెయిన్స్ దగ్గర కూలి 118 మంది మరణించినప్పుడు కూడా కెప్టెన్ గుండె పరిస్థితి కారణాల్లో ఒకటిగా తేలింది. ఆయన ఏమీ దాచలేదు. రక్తనాళాల్లో పేరుకున్న జబ్బు మెడికల్ పరీక్షల్లో, ఈసీజీలో కనిపించలేదు. పరీక్ష పట్టుకోలేనిది ఎప్పుడూ కొంత ఉంటుంది కాబట్టే, పట్టుకోగలిగినదానికి, కొలవడానికి ఒక్క నిమిషం పట్టే రక్తపోటుకు, సకాలంలో చికిత్స చేసుకోవాలంటాను. ఈ మధ్య కాలంలో విధుల్లో ఉండగా చనిపోయిన పైలట్ల వార్తలు మన దేశంలోనూ చదివాం. వాటిని నా వాదానికి వాడుకోను. ఆ మరణాలకు రక్తపోటే కారణమని చెప్పే ఆధారం లేకుండా వారి కుటుంబాల దుఃఖాన్ని ఉదాహరణగా చూపడం అన్యాయం.

మన దేశంలో ఈ భయానికి ఇంకొన్ని కొమ్మలున్నాయి. పైలట్ జీతంలో గణనీయమైన భాగం ఎగిరిన గంటల మీద ఆధారపడి ఉంటుంది, నేల మీద కూర్చున్న ప్రతి వారం ఇంటి ఖర్చుల్లో తెలుస్తుంది. శిక్షణ కోసం లక్షలు అప్పు చేసిన కుటుంబాల పిల్లలకు 'టెంపరరీ అన్‌ఫిట్' అన్న మాట శాశ్వతంగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. బెంగళూరులోని వైమానిక దళ వైద్య సంస్థ వంటి చోట్ల జరిగే పరీక్షకు వెళ్ళిన యువకులకు ఆ హడావుడిలోనే గుండె దడ, దాంతో రక్తపోటు పెరుగుతాయి. తెల్లకోటు చూడగానే పెరిగే ఈ రక్తపోటును గుర్తించడానికి ఇరవై నాలుగు గంటలపాటు చేతికి పట్టీ కట్టి కొలిచే పద్ధతి ఉంది. ముందే ఇంట్లో కొలుచుకుని రాసిపెట్టుకున్న అంకెలున్నవాడికి అక్కడ ఎంతో బలం ఉంటుంది; ఎప్పుడూ కొలుచుకోనివాడు ఆ ఒక్క రీడింగు చేతిలో చిక్కుకుపోతాడు. మనలో ఈ జబ్బు అరుదైనదా అంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ పదిహేనేళ్ళు దాటిన మగవారిలో దాదాపు పదిమందికి ముగ్గురిలో అధిక రక్తపోటు ఉంది. పైలట్లేమీ వేరే నేల మీద పుట్టలేదు. పైగా రాత్రి డ్యూటీలు, హోటల్ తిండి, చెదిరిన నిద్ర.

ఉప్పు తగ్గించడం, బరువు తగ్గడం, నడవడం మంచివి కావని నేననను. ప్రతి రోగికీ మొదట చెప్పేవి అవే. అయితే వాటికి ఒక గడువు పెట్టుకోవాలి. మూడు నెలలు నిజాయితీగా ప్రయత్నించి, అంకెలు దిగకపోతే మందు మొదలుపెట్టాలి. "ఇంకో ఆరు నెలలు" అన్నది ప్రతి ఆరు నెలలకూ ఒకసారి వినిపిస్తుంటే అది వాయిదా. ఇక జన్మంతా మింగాలన్న మా వదిన మాటకు నేనిచ్చిన జవాబు ఏమిటంటే, జన్మంతా ఉండేది జబ్బు. బిళ్ళ మింగినా మింగకపోయినా అది ఉంటుంది. బరువు తగ్గినవారిలో కొందరికి బిళ్ళ తగ్గించిన సందర్భాలూ, పూర్తిగా ఆపిన సందర్భాలూ నా దగ్గరే ఉన్నాయి. మావాడు చివరకు తన సంస్థ వైద్యుడితో మాట్లాడి, టెల్మిసార్టన్ మొదలుపెట్టి, కొంతకాలం నేల మీద ఉండి, తిరిగి విధుల్లో చేరాడు.

మందులు వేసుకునేవాళ్ళను అనుమతిస్తే భద్రత తగ్గదా అని ప్రయాణికుడిగా ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. రక్తపోటు పై అంకె 10 తగ్గితే పక్షవాతం అవకాశం సుమారు పావువంతు తగ్గుతుందని ఎన్నో పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. కొత్త మందుతో మొదటి రోజుల్లో తల తిరగవచ్చు, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మవచ్చు. ఆ రోజుల్లో నడపకూడదనే విరామం పెట్టారు. కాబట్టి నేనూ నా కుటుంబమూ ఎక్కిన విమానంలో ముందు కూర్చున్న మనిషి రోజూ ఉదయం ఒక బిళ్ళ వేసుకుని 124/78తో ఉండటమే నాకు కావాలి, ఏ బిళ్ళా లేకుండా 152/94తో 'క్లీన్ రికార్డు' పెట్టుకోవడం కాదు.

నియంత్రణ సంస్థలకు కూడా నా ఫిర్యాదు ఉంది. రక్తపోటు విషయంలో వాళ్ళు మంచి పని చేశారు, కానీ మానసిక ఆరోగ్యం వంటి విషయాల్లో ఏళ్ళ తరబడి సాగిన ఆలస్యాలు, అస్పష్టత, జవాబులేని ఉత్తరాలు పైలట్లలో ఒక మొత్తపు అపనమ్మకాన్ని పెంచాయి, అది రక్తపోటు దాకా పాకింది. నిద్రలో శ్వాస ఆగే జబ్బును వెతకమని 2015లో ఎఫ్ఏఏ పరీక్షకులకు సూచనలిచ్చినప్పటి నుంచి, రక్తపోటుకు వెళితే అది కూడా బయటపడుతుందని భయపడేవాళ్ళను చూస్తున్నాను. ఒక జబ్బుకు స్పష్టమైన దారి వేసి, మిగతావాటికి వేయకపోతే, వేసిన దారిలో కూడా నడవడానికి మనుషులు జంకుతారు. ఏ జబ్బుకు ఏ మందు, ఎన్ని రోజుల విరామం, ఏ కాగితం అన్నది ఫ్లయింగ్ స్కూల్లో చేరిన మొదటి నెలలోనే విద్యార్థికి చెప్పాలి. అప్పటికి వాడికి ఏ జబ్బూ ఉండదు, కాబట్టి భయం లేకుండా వింటాడు.

నాలాంటి మామూలు వైద్యులకు ఒక మాట. మీ ఎదురుగా కూర్చున్న రోగి పైలటా అని అడగండి. పైలటైతే క్లోనిడిన్ జోలికి పోకండి, రోజుకొకసారి వేసుకునే మందు ఎంచుకోండి, వీలైతే అతని సెలవు రోజుల్లో మొదలుపెట్టండి. పైలట్లకు చెప్పేది ఇది: మందు మొదలుపెట్టిన రోజు నుంచి, శరీరం దానికి అలవాటుపడి అంకెలు నిలకడగా వచ్చేదాకా విమానం నడపవద్దు, అమెరికాలో కనీసం ఏడు రోజులు, మిగతాచోట్ల మీ పరీక్షక వైద్యుడు చెప్పినన్ని రోజులు. రోజూ ఉదయం, సాయంత్రం కొలిచి తేదీతో సహా రాయండి. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ల సంఘానికీ, ప్రైవేటు పైలట్ల సంఘానికీ ఇలాంటి విషయాల్లో సలహా చెప్పే విభాగాలున్నాయి. దరఖాస్తు నింపకముందే వాళ్ళతో మాట్లాడండి. మెడికల్‌కు వెళ్ళేటప్పుడు మీ వైద్యుడి దగ్గర నుంచి మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఇప్పటి రక్తపోటు, దుష్ఫలితాలు లేవన్న మాట, ఈ అయిదూ ఉన్న ఒక పేజీ ఉత్తరం తీసుకువెళ్ళండి.